గంగమ్మ జాతరలో దయ్యం కుర్రాడు: ఈ ప్రేమకథకు ముగింపు ఎట్లా?

తాతయ్యగుంట కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది తిరపతి. పగలు టైల్స్ షోరూములో బిల్లింగు, రాత్రి పదకొండు దాటినాక కథలు. ఫోన్‌లో కథలు చదివే యాప్ ఒకదాంట్లో సీరియల్ మొదలుపెట్టినా. చదివేవాళ్లు చదవతా ఉండారు, తిట్టేవాళ్లు తిడతా ఉండారు, అంతా బాగానే ఉండాది. ముగింపు దగ్గరకొచ్చి ఇరుక్కుపోయినా. కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

ఇది ఇద్దరు మగపిల్లోళ్ల ప్రేమ. ఇష్టం లేనోళ్లు ఈ స్టాపులోనే దిగిపోండి, నాకేం కోపం లేదు. ఇద్దరికీ పదిహేడేళ్లు, కాబట్టి చెయ్యి పట్టుకునేదాన్ని మించి నా కథలో ఏమీ ఉండదు. ఆ చెయ్యి పట్టుకునేదానికే రెండు భాగాలు పట్టింది.

మునిశేఖర్ అప్పుడే ఇంటర్ ముగించినాడు. హాస్టల్ కాలేజీ, తెల్లారకముందే స్టడీ అవర్, ఆదివారం కూడా టెస్టు, ఆ రకం. 2023 మే నెలలో ఒకపక్క ఎంసెట్ (పేరు ఈఏపీసెట్ అని మారినా మా ఇళ్లల్లో ఎంసెట్టే), ఇంకోపక్క జాతర. చిన్నప్పుడు వాడికి కామెర్లు ముదిరితే వాళ్లమ్మ గంగమ్మకు మొక్కుకునింది, బిడ్డ దక్కితే ఏటేటా వేషం కట్టిస్తా తల్లీ అని. దక్కినాడు. అప్పట్నుంచి ప్రతి జాతరకూ మాతంగి రోజున చీర, సవరం, మల్లెపూలు, చేతుల నిండా గాజులు. వీధిలో ఆడోళ్లంతా బుగ్గలు పుణికి, "అబ్బ, ఎంత లక్షణంగా ఉండాడే, దిష్టి తీయండే" అంటారు. జాతర అయిపోయిన వారానికి అదే పిల్లోడు పాల ప్యాకెట్టుకు పోతా ఉంటే, అదే వీధిలో అదే అత్త, "ఏందిరా ఆ నడక, మొగోడి మాదిరి నడవరా!" మొదటి భాగం మొత్తం ఇంతే. ఇది కల్పించింది కాదని వేరే చెప్పాల్నా?

బయటి ఊళ్లోళ్ల కోసం జాతర సంగతి రెండు ముక్కల్లో. మంగళవారం అర్ధరాత్రి చాటింపు. తెల్లారి నుంచి రోజుకొక వేషం. బుధవారం బైరాగి, ఒళ్లంతా తెల్లటి నామం సుద్ద. గురువారం బండ, ఒళ్లంతా కుంకం, నోట్లో బూతులు. శుక్రవారం తోటి, బొగ్గు. శనివారం దొర, గంధం. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపు కుండలు, ఆపైన జాతర, బుధవారం తెల్లారుజామున అమ్మవారి విశ్వరూపం (గుడి ముందర మట్టి బొమ్మ), ఆ బొమ్మ చెంప తొలగింపు. ఆడబిడ్డల్ని చెరిచే పాలెగాడు ఒకడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వాడి కోసం తల్లి ఇన్ని వేషాలు కట్టి ఊరంతా గాలించింది. దొర వేషంలో ఉండేసరికి నిజంగానే దొర వచ్చినాడనుకుని వాడు బయటికొచ్చినాడు, తల తెగింది. మరుసటి రోజు మాతంగిగా పోయి, వాడి పెండ్లాన్ని తల్లే ఓదార్చింది. చంపినాక ఇంటికి పోయి ఓదార్చే దేవతను నేనైతే ఇంకెక్కడా వినలేదు.

ఇప్పుడు గోపి. 2011 జాతరలో దొర వేషం కట్టి, రాత్రి బండి మీద ఇంటికి పోతా రేణిగుంట రోడ్డులో లారీ కింద పడినాడు. అప్పట్నుంచి జాతర ఏడు రోజులే వస్తాడు. ఒంటికి రంగు ఉన్నంతసేపే కనపడతాడు. వేషగాళ్ల గుంపులో ఇంకొక వేషగాడు, ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు పోసుకుంటే లేడు. బుధవారం తెల్లగా, గురువారం ఎర్రగా, శుక్రవారం నల్లగా. వాడి అసలు రంగు ఏందో శేఖర్‌కు తెలీదు.

మీకు అర్థమయ్యేదానికి నాలుగో భాగంలోది ఒక ముక్క:

"గుడి వెనకాల మెట్ల మీద స్టీలు గ్లాసులో అంబలి పట్టుకుని కూర్చున్నాడు గోపి. ఒళ్లంతా కుంకం. ఒక గుక్క తాగినాడు. పెదాల మీద కుంకం తడిసి కారిపోయింది, ఆ మేరకు మొహంలో ఏమీ లేదు. వెనకాల గోడ కనపడతా ఉంది, గోడ మీద కోచింగ్ సెంటర్ పోస్టరు. 'ఏంది అట్లా చూస్తావు' అని నోరు లేని మొహం అడిగింది. శేఖర్ జేబులోంచి కుంకం పొట్లం తీసి, 'ఇట్లా తిరుగు' అన్నాడు."

దీనికి చానా మంది గుండె గుర్తులు పెట్టినారు. ఒకాయన మాత్రం, "గోపిని గోపికగా మార్చండి, ఐదు చుక్కలు ఇస్తాను" అని రాసినాడు. యాప్ వాళ్లేమో నేను ప్రేమకథల్లో పెడితే తీసి భయానకంలో పడేసినారు. అదీ సరే అనుకున్నా. ఇంకొక పిల్లోడు రాసిన మాట మాత్రం మనసులోంచి పోలేదు. "అన్నా, మళ్లీ ఒకణ్ణి చంపేసినావా?" ఇంతే రాసినాడు.

నేనెందుకు దయ్యాన్ని పెట్టినానంటే, దయ్యానికి అమ్మానాన్న రారు, కులం అడగరు, పెళ్లిచూపులు ఉండవు. మా వీధిలో ఇద్దరు మగపిల్లోళ్లు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవాలంటే అందులో ఒకడు ఎవరికీ కనపడకూడదు, నాకు అంతకు మించి దారి తోచలేదు. కానీ ఆ పిల్లోడు అడిగినదానికి జవాబు లేదు. ఆఖరి రోజు గోపి ఎట్లాగూ పోవాల. పోతే ఇంకొకసారి చచ్చినట్లు. బతికిస్తే అబద్ధం. ఇంకొక భయం, అమ్మవారిని ఇందులో ఎంతవరకు తేవచ్చు? పెద్దోళ్లు, రాసేవాళ్లు, మా ఊరోళ్లు ఎవరైనా చెప్పండి.

—

వారపత్రికల సరోజ:

బాబూ, మాది ఒంగోలు. బళ్లో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఎనభైల్లో వారపత్రికల్లో క్షుద్ర సీరియళ్లు వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూములో పత్రిక కోసం కొట్టుకునేవాళ్లం. నిమ్మకాయ, పసుపుముద్ద, గుడ్డబొమ్మ కనిపిస్తే చాలు, పెద్ద పెద్ద మాష్టార్లు గడప దాటేవారు కాదు. అందులో చాలావరకు చెత్తేననుకో. కానీ ఒకటి మాత్రం నేర్పాయి. దయ్యం కథకి భయం ముఖ్యం కాదు, షరతు ముఖ్యం.

చందమామలో బేతాళుణ్ణి చూడు. జవాబు తెలిసి చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనభంగం, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు వెళ్లినా నష్టమే. ఆ ముడి వల్లనే ఏళ్ల తరబడి నడిచింది. నీకూ మంచి షరతు దొరికింది, రంగుంటేనే మనిషి. మరి దాన్ని మధ్యలో వదిలేశావేం?

మే నెల తిరుపతి ఎండ నాకు తెలుసు, మా అక్క కొర్లగుంటలో ఉండేది. ఆ ఎండకి చెమట పట్టదా? దయ్యానికి పట్టదనుకో, పక్కవాడికి పడుతుందిగా. శేఖర్ చెమట చేత్తో పట్టుకుంటే గోపి చేతి రంగు కరగాలి. పట్టుకున్నచోటే చెయ్యి మాయమవ్వాలి! రెండు భాగాలు పట్టిందన్నావే చెయ్యి పట్టుకోడానికి, ఆ రెండు భాగాల్లో ఈ సంగతి రాకుండా ఎలా రాశావయ్యా? ముట్టుకుంటే పోతాడు, ముట్టుకోకపోతే మే నెల పోతుంది. ముగింపు అందులోంచే వస్తుంది, బయట వెతక్కు.

ఇంకో మాట. ఆ తల్లిని రాక్షసిని చెయ్యకు. కామెర్లు వచ్చిన పిల్లాడి కోసం మొక్కుకున్న మనిషి ఆవిడ.

—

ధర్మో రక్షతి:

అమ్మవారి జాతరలో ఇలాంటివి కలపడం అవసరమా? రాయడానికి వేరే కథలే లేవా?

తాతయ్యగుంట కుర్రోడు:

ఉండాయన్నా, చానా ఉండాయి. అవి వేరేవాళ్లు రాస్తా ఉండారు.

—

మౌలాలి మామ:

తమ్మీ, నాకు నలభై నాలుగు. మనోళ్లలోనే ఒకణ్ణి. నీ అంబలి గ్లాసు ముక్క రెండుసార్లు చదివిన.

ఆ పిల్లగాడు అడిగింది సరైన మాట. మన దిక్కు కథల్లో, సీన్మల్లో ఇట్లాంటి పోరడు వస్తే మూడే దారులు. నవ్వించి పోతడు, చచ్చిపోతడు, లేకపోతే అమెరికా పోతడు. కానీ నీ కథ వేరు. నీ గోపి ఇట్లాంటోడైనందుకు చావలేదు, లారీ కింద పడి చచ్చిండు. రేణిగుంట రోడ్డు మీద ఎవరైనా చస్తరు. దాన్ని గట్టిగ పట్టుకో. ఎవడో చెప్పిండని రెండో డ్రాఫ్టుల ఉరి, పురుగుల మందు తెచ్చి పెట్టకు. ఆ కథలు మస్తు చదివినం.

ఇంకోటి, లెక్క సరిచూసుకో. 2011ల పదిహేడేండ్లకు చచ్చినోడు 2023ల ఎంత పెద్దగున్నట్టు? ఇరవై తొమ్మిది అంటే నాకు మింగుడు పడది, శేఖర్ పిల్లగాడు. నూరేండ్ల రక్తపిశాచి హైస్కూల్ పిల్ల ఎంబడి తిరిగే కథలు చూసి అందరు ఆహా అన్నరు, నాకైతే అప్పుడు కూడా ఎట్లనో అనిపించింది. నీకు ఆ తిప్పలు లేదు, ఎందుకంటే నీ గోపి ఏడాదికి ఏడు రోజులే ఉంటడు. 2012 నుంచి 2022 దాకా పదకొండు జాతరలు. కరోనా రెండేండ్లు వీధిల వేషాలు లేవని తీసెయ్యి, తొమ్మిది. తొమ్మిదేడులు అరవై మూడు రోజులు. అంటే వాడికి ఇంకా పదిహేడు నిండి రెండు నెలలే. ఈ లెక్క కథల ఒక్కపారి వాడితోనే చెప్పియ్యి. కరోనా సంవత్సరం వాడు వచ్చి, ఖాళీ వీధి చూసి, ఎవరి రంగూ దొరకక, ఎవరికీ కనపడక ఏడు రోజులు నిలబడ్డడా? అది నువ్వు రాయాలె.

సంవత్సరం మంచిగ దొరికింది నీకు, నువ్వు చూసుకున్నవో లేదో. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు మనోళ్లను నేరస్తులను చేసే 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చినప్పుడు గోపి పదోతరగతి. పేపర్ల చదివి దాచుకున్నడనుకో. ఇది నేరం కాదు అనుకుంటనే చచ్చిపోయిండు. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, వాడికి తెల్వదు. 2018 సెప్టెంబర్ 6న మళ్ల నేరం కాదన్నది, అదీ తెల్వదు. జాతర మేల, తీర్పులు ఎప్పుడూ వేరే నెలలల్ల. నేను ఆ 2013 నుంచి 2018 దాకా నడుమ బతికిన, నా దోస్తులు ఫోన్లల్ల మెసేజులు తుడిపేసుకుంట బతికిన్రు. వాడు ఆ కాలం మొత్తం ఎగిరి దాటిండు. శేఖర్ చెప్తుంటే వాడు, "నడుమ మళ్లా నేరమైందా? నాకెవరూ చెప్పలేదే" అనాలె. ఇంక 2023 మే నెలల మనోళ్ల పెండ్లి కేసు సుప్రీంకోర్టుల నడుస్తున్నది, ఐదుగురు జడ్జీలు, మొత్తం లైవ్ ఇచ్చిన్రు. మే 11న వాదనలు ముగించి తీర్పు ఆపుకున్నరు. శేఖర్ ఎంసెట్ పుస్తకం కింద ఫోన్ పెట్టి, సప్పుడు బంద్ చేసి చూస్తడు. గోపి అడుగుతడు, "ఏమంటారంట?" శేఖర్ అంటడు, "వచ్చే జాతరకు చెప్తా." అక్టోబర్ 17న పెండ్లి హక్కు ఇయ్యలేమన్నరు, మనకు తెలుసు. వాడికి తెల్వాలంటే ఏడు నెలలు ఆగాలె.

ఇంకొకటి, దయచేసి శిఖండిని, బృహన్నలను తీసుకరాకు. ప్రతోడు మొదలు వాళ్లనే తెస్తడు, మనకు ఇజ్జత్ ఇప్పియ్యనీకె. నీ దగ్గర బుగ్గలు పుణికే అత్త ఉన్నది, ఆమె చాలు.

—

ప్లేనో పిన్ని:

టెక్సస్ నుంచి. ఇక్కడ స్కూల్ లైబ్రరీలో వాలంటీర్‌గా చేస్తాను, ఈ రకం పుస్తకాలు పిల్లలు తీసుకెళ్లడం, తల్లిదండ్రులు వచ్చి గొడవ చెయ్యడం రెండూ చూస్తుంటాను. ఇక్కడ ఇంగ్లీషులో ఇదొక పెద్ద అర. మీ కథకి బాగా దగ్గరగా ఉన్నది ఒకటుంది, ఎయిడెన్ థామస్ రాసిన సిమెటరీ బాయ్స్, 2020లో వచ్చింది. ముగింపు చెప్పేస్తున్నాను, చదవాలనుకున్నవాళ్లు ఈ పేరా దాటెయ్యండి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఆత్మల్ని సాగనంపే కుటుంబం. యాద్రియెల్ అనే ట్రాన్స్ అబ్బాయి (పుట్టినప్పుడు ఆడపిల్ల అనుకున్నారు) తనూ ఆ పని చెయ్యగల మగవాడినేనని ఇంట్లో నిరూపించుకోవాలని ఒక ఆత్మని పిలుస్తాడు. తను పిలిచిన ఆత్మ రాదు, జూలియన్ అనే వేరే కుర్రాడు వస్తాడు, వచ్చినవాడు పోనంటాడు. ఇదంతా వాళ్ల పెద్దల పండగ ముందు రోజుల్లో. నవంబర్ మొదట్లో పోయినవాళ్లంతా ఇళ్లకి వస్తారని వాళ్ల నమ్మకం, బంతిపూలు, రొట్టెలు పెట్టి ఎదురుచూస్తారు. మన మహాలయ పక్షాలకి కొంచెం పూలూ పాటలూ కలిపితే ఎలా ఉంటుందో అలా. చివరికి తేలేదేమిటంటే జూలియన్ పూర్తిగా చనిపోలేదు, కాబట్టి తిరిగొస్తాడు.

అక్కడి పిల్లలకి ఆ ముగింపు ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను. ఒకబ్బాయి పుస్తకం తిరిగిస్తూ, "వాడు బతికాడు" అని నాకు చెప్పి వెళ్లాడు, ఇంకేం మాట్లాడలేదు. కానీ ఆ ముగింపుకి తగిన పునాది ఆ రచయిత ముందు నుంచే వేసుకున్నారు. మీ గోపి పన్నెండేళ్ల కింద లారీ కింద పడ్డాడు, దహనం కూడా అయిపోయి ఉంటుంది. ఇప్పుడు లేపితే పాఠకుడు నమ్మడు.

రెండో దారి జపాన్ వాళ్లది. మొకుమొకురెన్ గీసిన ఒక మాంగా (బొమ్మల కథ) ఉంది, పేరు తెలుగులో చెప్పాలంటే 'హికారు చనిపోయిన వేసవి'. 2025లో యానిమేగానూ వచ్చింది. కొండల్లో పల్లెటూరు, కొండ మీదికి వెళ్లినవాడు తిరిగొస్తాడు, కానీ వచ్చింది వాడు కాదు. స్నేహితుడికి ఆ సంగతి తెలుసు. తెలిసీ పక్కన ఉండనిస్తాడు. అందులో ప్రేమా ఉంది, వెన్నులో చలీ ఉంది. బతికించకుండా, సాగనంపకుండా మధ్యలో ఉండిపోవచ్చని దాన్ని చూస్తే అర్థమవుతుంది. మీరూ ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎందుకనుకుంటున్నారు?

—

బేరి వీధి:

అన్నా, మనది పక్కవీధే. మా నాయన మొక్కు ఉన్నన్నాళ్లూ తోటి వేషం కట్టినాడు, బొగ్గు నూరేది నా పని. కొన్ని సంగతులు చెప్తా, కథకు పనికొస్తాయి.

అసలు అమ్మవారి వేషాలు కట్టేది కైకాల కులమోళ్లు. అది వాళ్ల హక్కు, వాళ్ల భారం. ఊళ్లో మిగతా జనం కట్టేది మొక్కు వేషం. నీ శేఖర్, గోపి ఇద్దరూ మొక్కు వేషగాళ్లే అయి ఉండాల, అసలు వేషం ఎదురైనప్పుడు పక్కకు తప్పుకోవాల. అక్కడ ఒక మంచి సీను ఉంది. దొర రోజున అసలు దొర వేషం గుంపును చీల్చుకుని వస్తా ఉంటాది, పక్కన గంధం పూసుకున్న దయ్యం నిలబడుంటాడు. తల్లికి వాడు కనపడతాడా లేదా? నేనైతే కనపడతాడనే అంటా. పాలెగాణ్ణి పట్టుకున్న తల్లికి లారీ కింద పడినోడు కనపడడా? చూసి ఏమీ అనకుండా పోవాల. అంతకు మించి అమ్మవారితో మాట్లాడించొద్దు. ఒక్క డైలాగు చెప్పించినావంటే సినిమా అయిపోతాది.

రంగు గురించి టీచరమ్మ చెప్పింది నిజం. బొగ్గు పొడిగా పూస్తే గంటలో రాలిపోతాది, మా నాయనకు నూనె కలిపి పూసేవాణ్ణి. గంధం ఆరితే చిట్లుతాది, మోచేతుల దగ్గర, మెడ దగ్గర ముందు పెచ్చులు లేస్తాయి. కుంకం అన్నిటికన్నా మొండిది, బట్టలకు అంటితే వారమైనా పోదు. కాబట్టి బండ రోజు గోపి గట్టిగా ఉంటాడు, దొర రోజు వాడికి ఒళ్లంతా సందులే.

ఇంక ముగింపు. నువ్వు మా ఊరోడివే, విశ్వరూపం మట్టి సంగతి ఎట్లా మర్చిపోతావు? బుధవారం తెల్లారుజామున గుడి ముందర ఆ మట్టి బొమ్మ చెంప తొలగించేదానికే కదా అంతమంది రాత్రంతా కాచుకునేది. ఆ మట్టి కోసం తోపులాటలో చెప్పులు పోతాయి, చొక్కాలు చినుగుతాయి. మా ఇంట్లో ఒక ముక్క దేవుడి గూట్లో పసుపు డబ్బాలో పెట్టి ఏడాదంతా ఉంచుతారు. జొరమొస్తే నీళ్లల్లో రంగరించి నొసటికి పెడతారు. నీ శేఖర్ ఎంసెట్ మానేసి ఆ తోపులాటలో దూరినాడనుకో, ఎంత మట్టి దొరుకుతాది? పిడికెడు. ఒక మనిషికి పూసేదానికి చాలదు. చాలేదానికి మాత్రం పూసుకోవచ్చు కదా?

—

తాతయ్యగుంట కుర్రోడు:

బేరి వీధీ, నీకు దండం పెడతా. నిన్న రాత్రి అన్నం కూడా తినకుండా కూర్చున్నా.

ఇట్లా అనుకుంటా ఉండా. గోపి బతకడు. పోడు కూడా. శేఖర్ చేతికి పిడికెడు మట్టి దొరుకుతాది. జాతర అయిపోయినాక బుధవారం మధ్యాన్నం మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇద్దరూ కూర్చుని (అంటే ఒకడు కూర్చుని, ఇంకొకడు కనపడకుండా) లెక్క వేస్తారు. వచ్చే జాతరకు ఏడాది. రోజూ పూయాలంటే ఏం పూయాల? చెయ్యి అయితే నెలకు సరిపోతాది. మొహమైతే వారం. గోపి అంటాడు, "నా మొహం చూసి ఏం చేస్తావు, నాకు నీ మాట వినపడితే చాలు." అప్పుడు చెవి. గోరంత మట్టి, తడి వేలితో, ఒక్క చెవికి. కాలేజీ కబుర్లు, ఎంసెట్ ర్యాంకు, సుప్రీంకోర్టు సంగతి, అన్నీ గాల్లో తేలే ఆ చెవికి చెప్తాడు. జవాబు రాదు, నోటికి పూసేంత మట్టి లేదు కదా. పండగ రోజు మాత్రం రెండు పెదాలకూ పూస్తాడు, ఆ రోజు మాట్లాడుకుంటారు. ఏ పండగ అనేది ఇంకా తేల్చుకోలా, వినాయక చవితి అయితే మట్టి బొమ్మల మధ్య ఎవరికీ అనుమానం రాదు.

ఒక చిన్న తిరకాసు ఉంది, రంగు లేకుండా ఏడాదంతా వాడు ఎట్లా ఉంటాడని. జాతర ఏడు రోజులే వాడు ఉండేదని నేనే షరతు పెట్టినా. మౌలాలి అన్న అరవై మూడు రోజుల లెక్క కూడా దాని మీదే నిలబడుంది. కాబట్టి మట్టి అంటినంతసేపే వాడు ఉంటాడు, ఆరి రాలిపోతే మళ్లీ లేడు. వాడికి ఏడాదంతా కలిపి కొన్ని గంటలు. శేఖర్‌కు మాత్రం పూర్తి ఏడాది. పద్దెనిమిది నిండుతాయి, వాడికి నిండవు. ఈ తేడా రెండో సీజన్‌లో కొరుకుతాది, నాకు తెలుసు. దాన్ని దాచి పెట్టను, ఆఖరి భాగంలోనే గోపితో ఒక మాట అనిపిస్తా: "నువ్వు పెద్దోడివి అయిపోతావు కదరా." శేఖర్ దానికేమీ చెప్పడు, మట్టి డబ్బా మూత పెడతాడు.

సరోజమ్మా, చెమట సంగతి పెట్టేసినా. చెయ్యి పట్టుకునే రెండు భాగాలూ తిరగ రాస్తా ఉండా. వాళ్లమ్మను కూడా మార్చినా. దేవుడి గూట్లో మట్టి తగ్గతా ఉండేది ముందు ఆమే చూస్తాది. బిడ్డకు మళ్లీ కామెర్లు వచ్చినాయేమో, నాకు చెప్పకుండా రంగరించుకుని తాగతా ఉండాడేమో అని భయపడతాది. కళ్లు విప్పి చూస్తాది, నాలిక చూస్తాది, డాక్టరు దగ్గరికి పదమంటాది. ఏమీ లేదమ్మా అంటాడు. మరుసటి రోజు గూట్లో ఇంకొక ముక్క ఉంటాది. ఎవరింట్లోనో అడుక్కుని తెచ్చింటాది. ఎందుకో అడగదు.

మౌలాలి అన్నా, కరోనా ఏడాది ఖాళీ వీధి భాగం విడిగా రాస్తా, అది గోపి మాటల్లోనే ఉంటాది. "నడుమ మళ్లా నేరమైందా" అనేది అట్లాగే వాడుకుంటా. "మళ్లీ ఒకణ్ణి చంపేసినావా" అని అడిగిన పిల్లోడికి కూడా రాసినా, చంపలేదు తమ్ముడూ, లారీ చంపింది, మిగతాది నేను చూసుకుంటా అని.

—

మౌలాలి మామ:

తల్లి ఇంకో ముక్క అడుక్కొచ్చి పెట్టుడు బాగుంది. కానీ ఆమెకు ఎరుకైందని యాడా రాయకు. మా అమ్మ కూడా ఇట్లనే, నా దోస్తు వస్తే రెండు కంచాలు పెట్టేది, ఒక్క మాట అడగలే.

—

బేరి వీధి:

అన్నా, యాప్‌లో పెట్టకముందు జాతర భాగాలు మా అమ్మకు ఒకసారి చూపిద్దాం. వేషాల్లో ఏదన్నా తేడా ఉంటే ఆమె పట్టేస్తాది. మిగతా కథ గురించి అడిగితే అప్పుడు చూసుకుందాం.

తాతయ్యగుంట కుర్రోడు:

సరే. పీడీఎఫ్ పంపిస్తా, నెంబరు మెసేజ్‌లో పెట్టు.

బేరి వీధి:

ఫోన్‌లో చదవదు. ప్రింటు తీసుకుని రా, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టించు. మధ్యాన్నం మూడు తర్వాత రా, సీరియల్ అయిపోయి ఉంటాది.